అమ్మకు మెటల్ వాల్వ్ వేసి 11 ఏండ్లు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచగున్నదో చూపే అంకె) నిలకడగ ఉంటలేదు. జీవితాంతం ఇట్లనేనా?

మర్రిగూడ పిల్లగాడు
మా అమ్మకు 54 ఏండ్లు. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం కరాబైంది. 2014ల హైదరాబాద్‌ల మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ వేసిండ్రు. అప్పటిసంది రక్తం పలుచన చేసే అసిట్రోమ్ గోలీ మీదనే ఉన్నది. చాన ఏండ్లు మంచిగనే నడిచింది. ఈ ఏడే ఏమైందో తెల్వదు. మార్చిల ఐఎన్ఆర్ 3.1. ఏప్రిల్ల పన్ను నొప్పి లేస్తే ఊర్ల ఆర్ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకున్నది, నాకు చెప్పలె. వారం తర్వాత పొద్దున చూస్తే దిండు గలీబు మీద రక్తం మరకలు. చిగుళ్ళ నుంచి కారింది. టెస్టు చేపిస్తే 5.8. డాక్టర్ రెండు రోజులు గోలీ ఆపమని డోసు తగ్గించిండు. మే నెలల 1.6కు పడ్డది. మళ్ళ పెంచిండు. జూన్ల 4.4.

ఇంట్ల అందరం భయపడి ఆకుకూరలు మొత్తం బంద్ పెట్టినం. పుంటికూర లేకుంట ఆమెకు ముద్ద దిగదు. మొన్న పక్కింటోళ్ళు వండుతుంటే వాసనకే కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. ఊర్లోళ్ళేమో వాల్వ్ పదేండ్లే పనిచేస్తది, టైం అయిపోయింది అంటున్నరు. నిజమేనా? మళ్ళ ఆపరేషన్ చేపించి చర్మం వాల్వ్ (జంతువుల నుంచి తీసేది) వేపిస్తే ఈ గోలీల బాధ తప్పుతదా? తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

పదిహేడేండ్ల టిక్‌టిక్
పదేండ్లకు టైం అయిపోవుడు అనేది లేనే లేదు తమ్మీ. నాది 2008ల వేసిండ్రు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలువెట్టిన మూడు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి, మరుసటేడే నా ఆపరేషన్. నాకు పడ్డది చిత్ర వాల్వ్. తిరువనంతపురంల తయారు చేసిండ్రు దాన్ని, 1990 డిసెంబర్‌ల మొదటిసారి మనిషికి పెట్టిండ్రు. ఒకటే బిళ్ళ, తలుపు లెక్క వంగి తెరుసుకుంటది. పోయిన నెల ఎకో (గుండె స్కానింగ్) తీపిస్తే మంచిగ ఆడుతున్నదన్నడు డాక్టర్. వాల్వ్ అరుగదు. మనం గోలీ మీద, టెస్టు మీద అశ్రద్ధ చేస్తేనే మోసం.

జడ్చర్ల జంక్షన్
ఆకుకూరలు మొత్తానికే బంద్ పెట్టాలె. మా బావకు డాక్టరే చెప్పిండు. విటమిన్ కె రక్తాన్ని గడ్డ కట్టిస్తది. నాలుక కోసం పానం మీదికి తెచ్చుకుంటరా? చర్మం వాల్వ్ అయితే గోలీ లేదు, టెస్టు లేదు, హాయిగ ఉండొచ్చు. నేనైతే అదే వేపిద్దును.

సూర్యాపేట సిస్టర్
గుండె వార్డులో తొమ్మిదేళ్ళు డ్యూటీ చేసిన. మర్రిగూడ తమ్ముడూ, ముందు ఒక్క మాట చెప్పు. అమ్మకు పన్ను నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చిన గోలీల అట్ట ఉందా? నా అనుమానం మెట్రోనిడజోల్ మీద. పన్ను చీముకు మామూలుగా అదే ఇస్తరు. అసిట్రోమ్ తోని కలిస్తే ఐఎన్ఆర్ ఒక్కసారే పైకి లేస్తది. దానికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ తోడైతే రక్తం కారుడు ఇంకా ఎక్కువ.

మైట్రల్‌కు ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలె. గుండెల ఇంకో వాల్వ్ అయోర్టిక్, దానికి చాలామందికి 2 నుంచి 3 చాలు. అమ్మది మైట్రల్ కాబట్టి 1.6 కూడా 5.8 అంతే ప్రమాదం. రక్తం కారితే కంటికి కనవడ్తది, భయపడి దవాఖానకు పోతరు. తక్కువున్నప్పుడు ఏం తెల్వదు. లోపల గడ్డ కట్టేది అప్పుడే.

మర్రిగూడ పిల్లగాడు
అట్ట దొరికింది సిస్టర్. మీరన్నదే, మెట్రోనిడజోల్ 400. ఇంకోటి డైక్లో. ఐదు రోజులు వేసుకున్నదట. వాల్వ్ సంగతి ఆర్ఎంపీకి చెప్పలేదంట, పన్నుకూ గుండెకూ ఏం సంబంధం అనుకున్నదంట.

మిర్యాలగూడ మెడికల్
నాది మందుల షాపు. నల్లగొండ జిల్లాల ఈ కష్టం ఎక్కువ. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినోళ్ళకు మోకాళ్ళు, నడుము సలుపు. భగీరథ నీళ్ళు వచ్చినయి గని పాత నొప్పులు ఏడికి పోతయి? కౌంటర్ మీద పది రూపాయలు పెట్టి "నొప్పుల గోలీలు ఇయ్యి బిడ్డా" అంటరు. మనిషిని చూసి ఇస్తం, ఛాతీ మీద కుట్టు గీత చీర కింద ఉంటది, మాకెట్ల తెలుస్తది? ఒకామెకు నెల రోజులు అట్ల వేసుకునేసరికి దొడ్డికి తారు లెక్క నల్లగ అయింది. కడుపుల పుండు వడి రక్తం కారుతున్నది. నాలుగు బాటిళ్ళ రక్తం ఎక్కించిండ్రు.

ఇంకోటి. అసిట్రోమ్ 1, 2, 3, 4 ఎంజీ అన్నీ ఉంటయి. అట్ట కొనంగనే అంకె చూడుండ్రి. షాపులో పిల్లగాడు 1 బదులు 4 ఇస్తే మీరు నాలుగింతలు మింగినట్టు.

మర్రిగూడ పిల్లగాడు
అన్నా, మా అమ్మకు కూడ మోకాళ్ళ నొప్పులున్నయి. నెలకు నాలుగైదు గోలీలు నాకు తెల్వకుంట వేసుకుంటదేమోనని ఇప్పుడు అనుమానం వస్తున్నది. అడుగుత.

నీలిమూత
ల్యాబ్‌ల రక్తం తీసే పని నాది. ఐఎన్ఆర్ ఆడుతున్నది అన్నప్పుడు ల్యాబ్‌ను కూడ అనుమానించాలె. ఈ టెస్టుకు నీలం మూత ట్యూబే వాడాలె. అందుల 0.3 మిల్లీ సిట్రేట్ మందు ముందే ఉంటది, గీత దాకా 2.7 మిల్లీ రక్తం నిండాలె. నరం దొరకలేదని సగం ట్యూబే తీసి పంపితే మందు ఎక్కువై ఐఎన్ఆర్ ఉన్నదానికంటె ఎక్కువ చూపిస్తది. డాక్టరేమో ఆ అంకె చూసి డోసు తగ్గిస్తడు. మళ్ళొచ్చే నెల 1.6 వస్తది.

ట్యూబు గీత దాక నిండిందా లేదా మీ కండ్లతోని చూసుకోండ్రి, సిగ్గుపడొద్దు. ప్రతిసారి ఒకటే ల్యాబ్‌కు పోండ్రి. మే నెల టెస్టు, జూన్ టెస్టు ఒక్కతాననే చేపించినరా?

మర్రిగూడ పిల్లగాడు
లేదు. మార్చిది నల్లగొండల, మే ది చౌటుప్పల్ల, జూన్ది హైదరాబాద్‌ల మా చెల్లె ఇంటికాడ.

నీలిమూత
మూడు ల్యాబులు, మూడు రసాయనాలు. ఇంగ సగం జవాబు దొరికినట్టే.

అచ్చంపేట సారు
జడ్చర్ల అన్న మాటకు నా ఒప్పుదల లేదు. ఆకుకూరలు బంద్ పెట్టుడు కాదు, ఒక లెక్కన తినుడు. నాకు అయోర్టిక్ వాల్వ్ వేసి తొమ్మిదేండ్లు. మొదట్ల నేనూ మొత్తం బంద్ పెట్టిన. పెండ్లిలనో, పండుగకో ఒక్కరోజు పాలకూర పప్పు తింటే ఐఎన్ఆర్ కింద పడేది. ఒంట్ల విటమిన్ కె నిల్వ లేకపోతే కొంచెం తిన్నా పెద్ద తేడా వస్తదని డాక్టర్ చెప్పిండు. వారానికి ఎన్నిసార్లు తింటవో చెప్పు, దానికి తగ్గట్టు గోలీ పెడ్తనన్నడు.

అప్పటిసంది ఒక నోటుబుక్కు పెట్టిన. ఐఎన్ఆర్ పక్కన ఆ వారం తిన్న కూర రాస్త. మూడేండ్ల లెక్క చూస్తే నాకే ఆశ్చర్యమైంది. ప్రతి ఆగస్టు, సెప్టెంబర్ల కిందికి పోతున్నది, ప్రతి ఏప్రిల్, మే నెలల పైకి లేస్తున్నది. ఎందుకంటరా? వానలు పడంగనే చేన్ల గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, తోటకూర ఉచితంగ దొరుకుతయి, మా ఇంట్ల రోజు అదే. ఎండకాలం ఆకు అనేది కండ్ల చూడం. ఇప్పుడు వానకాలం రెండు వారాలకొకసారి టెస్టు చేపించుకుంట. పుంటికూర మానలె. మంగళవారం, శుక్రవారం, గిన్నెతోని కొలుసుకొని తింట.

జడ్చర్ల జంక్షన్
సారు, మా బావ డాక్టర్ చెప్పిందే నేను చెప్పిన. మీ నోటుబుక్కు లెక్క వింటే నాకూ నిజమే అనిపిస్తున్నది. బావకు చెప్త. కని చర్మం వాల్వ్ మాట మీద నేను ఇంకా అదే అంట.

పదిహేడేండ్ల టిక్‌టిక్
జడ్చర్ల తమ్మీ, చర్మం వాల్వ్ గొడ్డుదో పందిదో ఉంటది. అది పది పదిహేనేండ్లకు గట్టిపడి కరాబయితది, చిన్న వయసోళ్ళకు ఇంకా తొందరగ. ఈమెకు 54. ఒకసారి కోసిన ఛాతీని మళ్ళ కోసుడు మొదటిసారి అంత అలుక కాదు, లోపల అంతా అతుక్కొని ఉంటది. మంచిగ ఆడే వాల్వ్‌ను గోలీ కష్టమని తీసేస్తరా ఎవరన్న?

సూర్యాపేట సిస్టర్
ఇంకో ముచ్చట. చిన్నప్పటి కీళ్ళవాతం వల్ల వాల్వ్ పోయినోళ్ళల్ల చాలామందికి గుండె దడ, అంటే కొట్టుకునుడు అస్తవ్యస్తంగ ఉంటది. అట్లాంటోళ్ళకు చర్మం వాల్వ్ వేసినా రక్తం పలుచన చేసే గోలీ తప్పదు. అప్పుడు రెండు దిక్కుల నష్టమే.

నాగర్‌కర్నూల్ నవీనం
పరీక్ష అక్కర్లేని కొత్త గోలీలు వచ్చినయట గదా, మా ఆఫీసుల ఒకాయన వేసుకుంటున్నడు. నెలనెలా సూది పోటు ఎందుకు, అవి వేసుకోవచ్చు గదా?

మిర్యాలగూడ మెడికల్
వద్దు వద్దు వద్దు. ఆయనకు మెటల్ వాల్వ్ ఉండకపోవచ్చు, వేరే కారణానికి వేసుకుంటుండొచ్చు. మెటల్ వాల్వ్ ఉన్నోళ్ళకు డాబిగాట్రాన్ అనే కొత్త గోలీ ఇచ్చి చూసిన పరీక్షను 2012లోనే మధ్యల ఆపేసిండ్రు. గడ్డలూ ఎక్కువైనయి, రక్తం కారుడూ ఎక్కువైంది. అపిక్సాబాన్ అనే ఇంకో కొత్త గోలీ తోని చేసింది కూడ 2022ల అట్లనే ఆపిండ్రు. మెటల్ వాల్వ్‌కు ఇప్పటికీ పాత గోలీలే దిక్కు: అసిట్రోమ్, లేకపోతే వార్ఫరిన్. ఎవరన్న షాపోళ్ళు "ఇదీ అదే పని చేస్తది" అని మార్చి ఇస్తే తీసుకోవద్దు.

పాలమూరు లారీ
చదువుకుంట వచ్చిన, నా కథ చెప్పాలె అనిపించింది. 2017ల మైట్రల్ వేసిండ్రు, రెండు రెక్కల కార్బన్ వాల్వ్. 2021ల నాగ్‌పూర్ దిక్కు లోడు మీద పోయిన. మూడు రోజుల పని అనుకున్న, తొమ్మిది రోజులైంది. గోలీలు అయిపోయినయి. ఆ ఊర్ల రెండు షాపులల్ల అడిగిన, లేదన్నరు. ఏమైతదిలే, ఇంటికి పోయినంక వేసుకుందం అనుకున్న.

ఇంటికొచ్చిన రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. నా భార్య పక్కకు తిరిగి పండుకున్నది, ఉలిక్కిపడి లేచి కూసున్నది. "నీ గడియారం ఇనవడ్తలేదు" అన్నది. నాలుగేండ్లుగ ఆ టిక్ టిక్ వినుకుంటనే నిద్రపోయేది ఆమె. నేను నిద్రమత్తుల ఊకో అన్న. ఆమె నా ఛాతీ మీద చెవి పెట్టి చాన సేపు విన్నది. ఏడుసుడు మొదలువెట్టింది. నాకు రెండు రోజులుగ మెట్లెక్కితే ఆయాసం ఉండె, లోడు అలసట అనుకున్న.

తెల్లారకముందే బండి మాట్లాడి హైదరాబాద్ తీసుకపోయిండ్రు. ఎక్స్‌రే వీడియో లెక్క తీసి చూపిచ్చిండ్రు: ఒక రెక్క ఆడుతున్నది, ఒకటి కదుల్తనే లేదు. గడ్డ పట్టుకున్నది. స్ట్రెప్టోకైనేజ్ మందు సెలైన్ల ఎక్కిచ్చిండ్రు. రెండో రోజు మాపటికి చప్పుడు మళ్ళ వచ్చింది. ఐసీయూల నేనే విన్న. మందుకు కరగకపోతే మళ్ళ కోసేటోళ్ళమని చెప్పిండ్రు.

ఇప్పుడు లారీ క్యాబిన్ల ఒక డబ్బా, ఇంట్ల ఒక డబ్బా, జేబుల పది గోలీలు. పిల్లగాడు తమ్మీ, అమ్మ వాల్వ్ చప్పుడు ఎట్లుంటదో ఇంట్ల అందరికీ తెలిసి ఉండాలె.

పదిహేడేండ్ల టిక్‌టిక్
మీ ఇంటామెకు దండం అన్నా.

కల్వకుర్తి తమ్ముడు
మా అన్నకు అట్ల అదృష్టం కలిసిరాలె. పన్ను పీకాలె అని ఒక పండ్ల డాక్టర్ గోలీ వారం ఆపమన్నడు. గుండె డాక్టర్ను అడగలె. ఆరో రోజు పొద్దున అన్నం ముద్ద చేతిల నుంచి జారిపడ్డది. మాట ముద్దగ వచ్చింది. మెదడుకు గడ్డ పోయింది. రెండేండ్లయింది, కుడి చెయ్యి ఇంకా సరిగ రాదు. అన్న కుట్టు మిషన్ పని చేసేటోడు. ఎవరి మీద కోపం తీర్చుకోవాల్నో తెల్వదు. పన్ను పీకుడుకు గోలీ ఆపుడు అక్కర్లేదని తర్వాత తెలిసింది.

సూర్యాపేట సిస్టర్
తమ్ముడూ, చానా బాధగా ఉంది చదువుతుంటే. అన్నకు ఫిజియోథెరపీ ఆపొద్దు, రెండేళ్ళ తర్వాత కూడా ఎంతో కొంత మెరుగు వస్తది.

మిగతావాళ్ళ కోసం చెప్తున్న. ఒకటి రెండు పండ్లు పీకడానికి మామూలుగా గోలీ ఆపరు. ముందురోజు ఐఎన్ఆర్ చూసి, హద్దుల్లో ఉంటే పీకి, దూది గట్టిగా అదిమి, అవసరమైతే కుట్టు వేసి రక్తం ఆపుతరు. పెద్ద ఆపరేషన్ అయితే గోలీ బదులు హెపారిన్ సూదులు పెడ్తరు, అది కూడా గుండె డాక్టర్ చెప్తేనే. పన్ను పీకడానికి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు వేసుకోవాలె, పెన్సిలిన్ పడనోళ్ళకు వేరే మందు ఉంటది. ఎందుకంటే నోట్ల సూక్ష్మజీవులు రక్తంలకు పోయి వాల్వ్‌కు పడ్తయి. అది పట్టిందంటే వారాల తరబడి సెలైన్ మందులు, కొందరికి మళ్ళీ ఆపరేషన్. అందుకే కారణం తెల్వని జ్వరం మూడు నాలుగు రోజులు ఉంటే ఊర్ల యాంటీబయాటిక్ సూది వేయించుకోవద్దు. ముందు బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇయ్యాలె, తర్వాతే మందు. ముందే మందు పడితే పురుగు దొరకదు.

మూత్రం టీ డికాషన్ రంగుల వస్తున్నా, మనిషి తెల్లగ పాలిపోతున్నా చెప్పండి. వాల్వ్ అంచు నుంచి లీకై రక్తకణాలు పగులుతున్నయేమో చూస్తరు.

వనపర్తి కోడలు
ఆడపిల్లల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్న. నాకు 19 ఏండ్లకు మైట్రల్ వాల్వ్ వేసిండ్రు. ఇంగ పెండ్లి అయితదా అని మా అమ్మ రోజూ ఏడ్చేది. సంబంధం వచ్చినప్పుడు దాచిపెడదామన్నరు చుట్టాలు. నేనే ఆయనకు ఎదురుగ చెప్పిన, కుట్టు గీత చూపిచ్చిన. ఆయన అడిగిన మొదటి మాట "గోలీ ఎన్ని గంటలకు వేసుకుంటవ్?" ఇప్పటికీ రాత్రి 8 గంటలకు అలారం ఆయన ఫోన్లనే మోగుతది.

పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందే గుండె డాక్టర్‌నూ కాన్పు డాక్టర్‌నూ ఇద్దరినీ కలిసినం. నెల తప్పినంక పోవద్దు అక్కలారా, ముందే పోవాలె. ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా గోలీ బిడ్డకు అవకరం తెచ్చే ప్రమాదం ఉంటది, డోసు ఎక్కువ ఉంటే ఇంకా ఎక్కువ. నాకు ఆ వారాలు గోలీ ఆపి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పొట్టకు హెపారిన్ సూదులు. నేనే పొడుసుకున్న. పొట్టంత నేరేడుపండ్ల రంగు మచ్చలు. తర్వాత గోలీ, 36వ వారంల మళ్ళ సూదులు. సూదుల టైంల తల్లి వాల్వ్‌కు గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ, అందుకే రక్తపరీక్షలు చానాసార్లు చేసిండ్రు. అందరికీ ఒకటే పద్ధతి ఉండదు, నా లెక్క చూసి ఎవరూ సొంతంగ చేసుకోవద్దు.

నా బిడ్డకు ఇప్పుడు నాలుగేండ్లు. పండుకునేటప్పుడు నా ఛాతీ మీద తల పెట్టి "అమ్మ లోపల బల్లి ఉన్నది" అంటది.

అచ్చంపేట సారు
బల్లి మాట మా ఆవిడకు చదివి వినిపిచ్చిన, నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నది. బిడ్డ సల్లగుండాలె.

నాగర్‌కర్నూల్ నవీనం
మెడికల్ అన్నా, కొత్త గోలీల మాట అడిగింది మా నాయన కోసమే. రేపు ఆయనకు చెప్దామనుకున్న. మంచిగ ఆపినరు. ఇంట్ల వేలు గుచ్చి చూసుకునే మిషన్ ఉంటదంట, ఎవరన్న వాడుతున్నరా?

నీలిమూత
మా ల్యాబ్‌కు వచ్చేటోళ్ళల్ల ఇద్దరికి ఉన్నది. మిషన్ ఒక్కసారి కొంటే అయితది గని పట్టీలు ఖరీదు. ల్యాబ్ దూరం ఉన్నోళ్ళకు మంచిదే. ఆర్నెల్లకొకసారి ల్యాబ్ రిపోర్టు తోని పక్కపక్కన పెట్టి చూసుకోండ్రి.

పాలమూరు లారీ
నాయనకు వాల్వ్ కార్డు ఉన్నదా తమ్మీ? ఆపరేషన్ అప్పుడు ఇస్తరు. ఏ వాల్వ్, ఏ సైజు, ఏ తారీఖు అంతా ఉంటది. నాది లామినేషన్ చేపించి డ్రైవింగ్ లైసెన్స్ వెనుక పెట్టిన. బండి మీద పడి తలకు దెబ్బ తగిలితే పైకి ఏం కనవడకున్నా స్కానింగ్‌కు పోవాలె, మన రక్తం లోపల కారుతనే ఉంటది.

మర్రిగూడ పిల్లగాడు
నాలుగు వారాల తర్వాత రాస్తున్న. అందరికీ మొక్కులు.

అమ్మను అడిగిన. మోకాళ్ళ నొప్పుల గోలీలు బియ్యం డబ్బాల దాసిపెట్టుకున్నది, డైక్లోనే. ఒప్పుకొని నా చేతికిచ్చింది. డాక్టర్‌కు అట్టలన్నీ చూపిచ్చిన. నొప్పికి పారాసిటమాల్, అది కూడ లెక్కతోని వేసుకోమన్నడు. వరుసగ నాలుగు రోజులు దాటితే ఐఎన్ఆర్ చూపించమన్నడు. నల్లగొండల ఒకటే ల్యాబ్ పెట్టుకున్నం. నీలం మూత ట్యూబు గీత దాకా నిండేదాక పక్కన నిలవడి చూసిన, రక్తం తీసే పిల్ల నవ్వింది గని ఏం అనలె. మొదటి వారం 3.6, తర్వాత 3.2, నిన్న 2.9. ఎకో తీపిచ్చినం, వాల్వ్ మంచిగున్నది.

సారు చెప్పినట్టు నోటుబుక్కు మా చెల్లె కొడుకు రాస్తున్నడు. మంగళవారం, శుక్రవారం పుంటికూర. మొదటి మంగళవారం అమ్మ గిన్నె అంచుకు అంటిన పులుసు కూడ వేలుతోని తీసుకొని తిన్నది.

మొన్న రాత్రి ఫ్యాన్ బంద్ చేసి అమ్మ పక్కన ముగ్గురం కూసున్నం. పదకొండేండ్లల్ల ఎప్పుడూ గట్ల వినలె. పిల్లగాడు వంద దాక లెక్కపెట్టిండు. అమ్మ "ఇంగ సాలు, ఫ్యాన్ ఎయ్యుండ్రి, దోమలు కుడ్తున్నయి" అన్నది.

సూర్యాపేట సిస్టర్
2.9 అంటే చాలా మంచిది. తర్వాతి టెస్టు ఎప్పుడు? ఆ పన్ను సంగతి ఏమైంది, పీకించారా?

మర్రిగూడ పిల్లగాడు
టెస్టు వచ్చే గురువారం. పన్ను ఇంకా ఉన్నది సిస్టర్, గుండె డాక్టర్ చిట్టీ రాసిచ్చిండు, గోలీ ఆపకుంటనే పీకాలె అని. గురువారం రిపోర్టు రాంగనే అక్కడ్నుంచే పండ్ల డాక్టర్ కాడికి పోతం. అమాక్సిసిలిన్ సంచిల పెట్టిన.